పెద్ద ఫీజు కాలేజీల నేను తీసిన కలుపు

నేను ఎన్నడూ ఏం రాయలె. ఐదో తరగతితోనే నా బడి బందయింది. కానీ మొన్న నేను చేసిన పని నోటితోని చెప్పాలంటే సిగ్గు అడ్డమొస్తాంది. అందుకే రాస్తున్న. చదివినంక నేను ఎదురైతే నవ్వకుండ్రి.

మాది కేతేపల్లి దిక్కు. కూలికి పోత, ఎక్కువ కలుపు తీసే పనే. నా బిడ్డ మౌనిక ఆర్కిటెక్చర్ చదివింది. ఇప్పుడు దానిమీద ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చేస్తనంటాంది. పార్కులు, చెరువు కట్టలు, బడి ముంగటి జాగలు ఎట్లుండాలెనో గీసే చదువంట. రెండు కాలేజీలల్ల సీటొచ్చింది. ఒకదాంట్ల ఫీజు తక్కువ. ఇంకోదాంట్ల మస్తు ఎక్కువ, అప్పు చేస్తెనే అయితది. బిడ్డకు మాత్రం అదే ఇష్టం.

"అమ్మా, రెండూ చూడు. గంత ఫీజుకు తగ్గట్టు ఉన్నదో లేదో నువ్వే చెప్పు" అన్నది. నన్ను గంత మాట అడిగినోళ్లు ఎవ్వరు లేరు.

తక్కువ ఫీజుది ముందుగాల చూసినం. గేటు కాడి గడ్డి తివాచీ లెక్క ఉన్నది. ఒక్క పిచ్చి మొక్క లేదు. మనసుల మంచి మార్కులేసిన.

మొన్న పెద్ద ఫీజుదానికి పోయినం. "జర ఈడ కూసో అమ్మా" అని బిడ్డ ఆడ చదువు చెప్పే మేడంతోని మాట్లాడనీకె లోపలికి పోయింది. నేను కూసున్న అరుగు పక్కనే ఒక మడి. దాంట్ల గునుగు, బోదగడ్డి, వెంపలి. మేము ఎవ్వరి చేను చూసినా ముందుగాల కలుపే చూస్తం. గింత ఫీజు గుంజి గీ మడి సాఫ్ చేపియ్యరా అని కోపమొచ్చింది. ఒక్కటి పీకిన. వాన పడ్డ మట్టి, అల్కగ వచ్చింది. ఇంకోటి పీకిన. కొంగు నడుముకు చెక్కి సాలు పట్టిన. బిడ్డ వచ్చేసరికి మడి నున్నగ చేసి, కుప్ప పెట్టి, మెచ్చుకుంటరని చూస్తున్న.

బిడ్డ ఎనుక మేడం, నలుగురు పిల్లలు. మేడం కుప్ప కాడ వంగి ఒక గునుగు మొక్క చేతిలకు తీసుకున్నది.

"అమ్మా, గవి పిల్లలు పెంచినయి. నీళ్లు పోయకుండ, వట్టి వానకు మన దిక్కు మొక్కలు ఎట్ల బతుకుతయో చూస్తున్నరు. వాళ్ల పరీక్ష గా మడి మీదనే."

"కలుపనుకున్న మేడం" అన్న.

ఒక పిల్ల నవ్వు ఆపుకుంట అడిగింది. "బతుకమ్మకు గునుగు ఏడికెళ్లి తెస్తరు ఆంటీ?"

నిజమే. చేన్ల పీకి పారేసేది నేనే, పండుగకు దానికోసం గట్లెంబడి తిరిగేది నేనే.

బస్సుల బిడ్డ కిటికీ దిక్కే మొఖం పెట్టుకున్నది. దిగినంక అన్నది. "తక్కువ ఫీజు దాంట్లనే చేరుత తియ్. గా మేడం ముంగట ఏం మొఖం పెట్టుకొని నిలబడాలె?" ఇగ నాతోని మాటలు బంద్ చేసింది.

కాలేజీ ఎట్లున్నదో చూడుమంటే బిడ్డ సీటే పీకి కుప్పల ఏసిన.

తెల్లారి గడ్డపార పట్టుకొని గట్ల మీదికి పోయిన. గునుగు, బోదగడ్డి, వెంపలి మట్టిపెడ్డలతోని తవ్వి, తడి గోనెసంచుల కట్టి, ఒక్కదాన్నే బస్సెక్కిన.

"ఏందమ్మా, పట్నంల గడ్డి కరువొచ్చిందా?" అన్నడు కండక్టర్.

మడి కాడ పిల్లలు ఏది ఏడ పెట్టాలెనో, నీళ్లు ఎటు పారుతయో, వేరు ఎంత లోతుకు పోతదో చెప్పిండ్రు. గా ఫీజు దేనికో జర సమజైంది. నేను వంగి నాటుతాంటే మేడం నా బిడ్డకు ఫోన్ చేసింది.

"మౌనికా, మీ అమ్మ క్లాసుకు వచ్చేసింది. నువ్వెప్పుడు వస్తవు?"

ఇన్నేండ్లు గడ్డి పీకితే కూలి ఇచ్చిండ్రు. సొంత కిరాయి పెట్టుకొని పోయి గడ్డి నాటొచ్చిన నాడే, బిడ్డ నాతోని మళ్ల మాట్లాడింది.