హెడ్లీ గ్లాసు

మా పబ్బులో కిటికీ పక్క బల్ల దగ్గర హెడ్లీ కూర్చునే కుర్చీలో ఇప్పుడు ఎవరూ కూర్చోరు. కూర్చోవద్దని నేనెవరికీ చెప్పలేదు. ఇంగ్లండులో మా యార్క్‌షైర్ కొండల్లో అలాంటివి పైకి చెప్పరు. మావాళ్ళు కాలు విరిగితే కాస్త ఇబ్బందిగా ఉందంటారు, పెళ్ళాం పోతే వాన గురించి మాట్లాడతారు. ఆ గుణం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళుగా వీళ్ళకు బీరు పోస్తున్నదాన్ని, ఆ మాత్రం అనే హక్కు నాకుంది.

హెడ్లీ బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడి ఎంతకాలమైనా అతని గోళ్ళ చుట్టూ నీలం మాత్రం పోలేదు. మనిషి మంచివాడే, విస్కీ దిగితే మాత్రం మనిషి కాడు. భార్య ఈడ్నా పోయాక పొద్దున్నే మొదలుపెట్టేవాడు. ఓ రోజు బస్సు దిగే మనవరాలు మైసీని ఇంటికి తీసుకురావలసినవాడు, తాగి పడి నిద్రపోయాడు. ఆ పసిది చీకటి పడేదాకా వానలో నిలబడి ఏడ్చింది. కూతురు జానెట్ ఆ మర్నాడు వచ్చి, "నాన్నా, ఇంకొక్క చుక్క నీ నోట్లో పడిందని తెలిసిందా, మైసీ నీకు మళ్ళీ కనపడదు," అంది. అన్నదంటే చేసే మనిషి. హెడ్లీ మానేశాడు. వారానికోసారి, ఆదివారం మధ్యాహ్నం, మనవరాలు తన పక్కన కూర్చుని అన్నీ చెబుతుందే, దానికోసం మానేశాడు.

మానేసినవాడికి పబ్బెందుకని అడుగుతారేమో. ఇంకెక్కడికి వెళ్తాడు? ఇంట్లో గోడలు తప్ప ఎవరూ లేరు. స్నేహితులు ఆర్నాల్డ్, జెఫ్ ఉండేది ఇక్కడే, చుక్కల బిళ్ళలతో డామినోలు ఆడేది ఇక్కడే. అయితే మాకో పద్ధతుంది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొనాలి. దాన్ని రౌండంటాం. వంతు ఎగ్గొట్టినవాడికీ, కొనిచ్చింది వద్దన్నవాడికీ ఆ బల్ల దగ్గర మర్యాద ఉండదు. అందుకని నేనే ఉపాయం కనిపెట్టాను. విస్కీ గ్లాసులో అల్లం సోడా పోసి, గాలి పోయేదాకా చెంచాతో తిప్పి ఇచ్చేదాన్ని. రంగు అచ్చం అదే. ఆర్నాల్డ్ కౌంటరు దగ్గరికొచ్చి "హెడ్లీకి వాడిది" అనేవాడు. ఆ మాట దాటి ఆ విషయం ఎవరూ ఎత్తలేదు, హెడ్లీతో సహా.

కెల్సీ వచ్చింది ఓ సెప్టెంబరులో. అమెరికాలో నెబ్రాస్కా పిల్ల. ఒక్క ఏడాది చదువుకని వచ్చి మా వీధి చివర గది తీసుకుంది. మొదటిరోజు ఖాళీ బల్ల దగ్గర కూర్చుని, ఎవరో వచ్చి ఏం కావాలని అడుగుతారని చూస్తోంది. మావాళ్ళు ఒకరికొకరు సైగలు చేసుకుని వినోదం చూస్తున్నారు. చివరికి హెడ్లీకే జాలేసింది.

"అమ్మాయ్, అక్కడ కూర్చుంటే క్రిస్మస్ దాకా గొంతు తడవదు. కౌంటరు దగ్గరికెళ్ళి అడగాలి."

"మరి క్యూ ఏదండీ?"

"కనపడదు. కానీ ఉంటుంది. నీ ముందు ఎవరున్నారో నువ్వే చూసుకోవాలి. మధ్యలో దూరావో, ఆ మోరీన్ ఉందే, అది నీళ్ళు కూడా పొయ్యదు."

ఆ మోరీన్‌ని నేనే.

అలా ఆ పిల్ల వాళ్ళ బల్ల మనిషయింది. గురువారం వచ్చిందంటే హెడ్లీ పక్కన చేరేది. అతను డామినోలు నేర్పాడు, బీరు నురగ గురించి పాఠం చెప్పాడు, మైసీ గురించి చెప్పి చెప్పి విసిగించాడు. ఒక్క అల్లం సోడా సంగతి చెప్పలేదు. రౌండు గురించి మాత్రం గట్టిగా చెప్పాడు.

"నీ వంతొస్తే అడిగించుకోకూడదు. లేచి వెళ్ళిపోవాలి."

"ఎవరైనా వద్దంటేనో?"

"అనరు. ఇష్టపడి కొనిచ్చింది వద్దంటే, నీ మొహం నాకు నచ్చలేదని చెప్పినట్టే. అది మాలో ఎవరూ చెయ్యరు."

చదువు పూర్తయి కెల్సీ వెళ్ళిపోయే ముందు ఆఖరి గురువారం. బీరు అయిపోయిందని పీపా మార్చడానికి కింద గదిలోకి దిగాను. కౌంటరులో నాకు సాయమొచ్చిన మా పెద్దమ్మ కూతురు డోరీన్ ఉంది. దానికి హెడ్లీ గ్లాసు సంగతి తెలియదు. కెల్సీ చటుక్కున లేచి వచ్చి, పై అరలో ఉన్న అన్నింటికంటే మంచి విస్కీ సీసా చూపించిందట. "హెడ్లీకి అది. ఎక్కువే పొయ్యండి. రోజూ తాగేది కాదు, ఇవాళ నేను కొనిచ్చేది."

తర్వాత జరిగింది ఆర్నాల్డ్ నోటి నుంచి లాగడానికి నాకు నెలలు పట్టింది. గ్లాసు బల్ల మీద పెట్టగానే వాసన అందరికీ తగిలింది. ఆర్నాల్డ్ డామినోలు చూసుకున్నాడు. జెఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"మీరు నేర్పినట్టే చేశాను కదా? ఎవరూ అనకముందే లేచాను," అందట కెల్సీ.

హెడ్లీ గ్లాసు వంక చూశాడు. తర్వాత ఆ పిల్ల మొహం చూశాడు. "చేశావు తల్లీ. బాగా నేర్చుకున్నావు," అని ఎత్తి తాగేశాడు.

ఒక్క ముక్క చాలు. వాడు మందులు వాడుతున్నాడమ్మా అని జెఫ్ అబద్ధమాడినా సరిపోయేది. ఇద్దరు మగాళ్ళుండి నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్నారు. వాళ్ళిద్దరినీ నేను ఈనాటికీ క్షమించలేదు.

నేను పైకొచ్చేసరికి హెడ్లీ కౌంటరు దగ్గర నిలబడున్నాడు. ఊపిరి వాసనకే నాకు తెలిసిపోయింది.

"మోరీన్, నా వంతు."

"వాళ్ళకి పోస్తాను. నీకు నీది పోస్తాను, హెడ్లీ."

"వద్దులే. ఇవాళ నాకు ఇందాకటిదే పొయ్యి."

"చచ్చినా పొయ్యను."

గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. పెట్టుకోలేదు. కోటు తీసుకుని, కొండ దిగువన ఉన్న పబ్బుకి వెళ్ళాడు. అక్కడ అతని గ్లాసు సంగతి ఎవరికీ తెలియదు. రౌండు ఎగ్గొట్టి హెడ్లీ లేచి వెళ్ళడం నేను చూడటం అదే మొదటిసారి. కెల్సీ అతను మరుగుదొడ్డికి వెళ్ళాడనుకుని చాలాసేపు కూర్చుంది. మర్నాడు విమానమెక్కింది.

జానెట్‌కి తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. తలుపు మూసేసింది. ఆమెని తప్పుపట్టలేను. ఓ ఆదివారం హెడ్లీ కూతురింటి ఎదుటి గోడ దగ్గర నిలబడి కిటికీకేసి చూస్తుండటం నేను కళ్ళారా చూశాను. పరదా వేసే ఉంది. ఆ జనవరిలో తాగి పడి, కాలవ గట్టు మీద మంచులో బిగుసుకుపోయి దొరికాడు. పాతిపెట్టి వచ్చి మావాళ్ళు ఇదే పబ్బులో కూర్చుని, ఈ ఏడు మంచు ఎక్కువేనని చెప్పుకున్నారు.

వేసవిలో కెల్సీ మళ్ళీ వచ్చింది, ఇక్కడి మనుషుల్ని చూపిస్తానని వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని. వస్తూనే హెడ్లీ ఏడని అడిగింది.

"చలికాలంలో పోయాడు తల్లీ," అన్నాడు ఆర్నాల్డ్. "చలి ఎక్కువైంది ఈసారి."

ఆ పిల్ల వాళ్ళ నాన్న భుజం మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని కౌంటరు దగ్గరికొచ్చింది.

"ఈ రౌండు నాది మోరీన్. హెడ్లీకి కూడా పొయ్యండి, ఆయన కుర్చీ ముందు పెడతాను. ఆ రోజు కొనిచ్చానే, ఆ విస్కీయే. పాపం, అంత మంచిది ఆయనకి ఎవరూ కొనిపెట్టి ఉండరు."

మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. బల్ల దగ్గర ఆర్నాల్డ్ డామినోలు చూసుకుంటున్నాడు, జెఫ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ పిల్ల కళ్ళు ఇంకా ఆరలేదు.

"అలాగే తల్లీ," అన్నాను.

వాళ్ళకి వీపు పెట్టి, హెడ్లీ గ్లాసు దించి, అల్లం సోడా పోసి, గాలి పోయేదాకా చెంచాతో తిప్పాను. కెల్సీ దాన్ని రెండు చేతులతో తీసుకెళ్ళి ఆ కుర్చీ ముందు పెట్టింది. తేడా తెలియలేదు. ఆ రోజు నేనే కౌంటరులో ఉండి ఇదే పోసినా, తెలిసేది కాదు.