బాబాయి గంటన్నర

మొన్న కాకినాడలో కీళ్ళ డాక్టరొకడు నన్ను మూడు ప్రశ్నలడిగాడు. వయసులో మా అబ్బాయి కంటే చిన్నవాడు. నా వీపు మీద వేళ్ళతో ఒక్కో పూస నొక్కి చూసి, కుర్చీలో కూర్చుని, "పొద్దున్న లేవగానే నడుం బిగుసుకుపోయి ఉంటుంది కదండీ, అది సడలడానికి మీకు ఎంతసేపు పడుతుంది?" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా మోస్తున్న నొప్పి నాది. ఇన్నేళ్ళలో ఇంట్లో చెప్పకుండా చూపించుకున్న డాక్టర్లలో ఎక్కడ నొప్పి అని అడిగినవాళ్ళున్నారు, ఏం తిన్నావని అడిగినవాళ్ళున్నారు, వయసెంతని అడిగి తల పంకించినవాళ్ళున్నారు గాని, ఎంతసేపని ఎవరూ అడగలేదు. రెండో ప్రశ్న, పడుకుంటే ఎక్కువై, నాలుగడుగులు నడిస్తే తగ్గుతుందా అని. మూడోది, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని. మూడో ప్రశ్నకి నాకు నవ్వొచ్చింది. పెద్దావిడ ఎందుకు నవ్వుతోందో తెలియక పాపం అతను కంగారు పడ్డాడు. ఉండేదని చెబుదామంటే, ఉందని మా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు కదా.

మా ఊరు రాజోలుకి దగ్గరే. నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, చర్చిలో సంఘ పెద్ద. ఆయన తమ్ముడు, అంటే మా బాబాయి, ఊళ్ళోని హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నేను ఆ స్కూల్లోనే ఆరో ఏడో చదువుతున్న రోజుల మాట, డెబ్భైల మధ్యలో. బాబాయికి అప్పటికి పాతికేళ్ళు దాటి రెండు మూడేళ్ళు ఉంటాయి. ఆరడుగుల మనిషి, నలగని తెల్ల ప్యాంటు, మెళ్ళో విజిలు. ఆయన్ని చూసి జబ్బు అనే మాట ఎవరికైనా గుర్తొస్తే ఒట్టు. వీధిలో నడుస్తుంటే మిలిటరీవాడిలా నిటారుగా నడుస్తాడని అందరూ మెచ్చుకునేవారు. వెన్ను వంగక అలా నడుస్తున్నాడని మాకెవరికీ తట్టలేదు.

పొద్దున్న మాత్రం ఆ మనిషి వేరు. వరండాలో నవారు మంచం మీద పడుకునేవాడు. మా అందరికంటే ముందే మెలకువ వచ్చేది, నొప్పే లేపేది. దుంగని దొర్లించినట్టు తనని తానే పక్కకి దొర్లించుకుని, మంచం పట్టె మీద చెయ్యి ఆనించి, మోకాళ్ళ మీద నేలకి దిగి, వరండా స్తంభం దాకా పాకి, ఆ స్తంభాన్ని పట్టుకుని చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ పైకి లేచేవాడు. లేచాక పెరట్లో కొబ్బరి చెట్ల వరసల మధ్య ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేవాడు. ఎండ గోడ మీదికి ఎక్కేసరికి మనిషి మనిషయ్యేవాడు. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, ఆయన కాఫీ గ్లాసుని మంచం దగ్గర పెట్టేది కాదు. ఎదురుగా గుమ్మంలో పెట్టేది, కావాలంటే లేచొచ్చి తాగుతాడని. ఆ కాఫీ చల్లారి తొరక కట్టడం నేను రోజూ చూసేదాన్ని, దాన్ని తీసుకెళ్ళి ఆయన చేతికివ్వాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

"గంటన్నర పడుతుందే అమ్మా, తరవాత నేనే లేచి తిరుగుతాను కదా" అనేవాడు బాబాయి.

"గంటన్నరుండే నొప్పి ఏం నొప్పిరా? నొప్పంటే రోజంతా ఉండాలి" అనేది మామ్మ. ఆవిడకి మోకాళ్ళ నొప్పి రోజంతా ఉండేది, అంచేత ఆ విషయంలో ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు.

ఆ గంటన్నరని నేను ఒక ఆటగా చేశాను. బాబాయి మంచం దిగడం, పాకడం, స్తంభం పట్టుకుని లేవడం, మధ్యలో పళ్ళు బిగబట్టి "అబ్బ" అనడం, అన్నీ అచ్చు దింపేదాన్ని. చుట్టాలొస్తే అమ్మ, "ఏదీ, మీ బాబాయి లేవడం చెయ్యవే" అని ముందుకి తోసేది. నాన్నగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వేవారు. బాబాయి కూడా నవ్వేవాడు. స్కూల్లోనూ మధ్యాహ్నం బెల్లులో నాకు గిరాకీ ఉండేది. నాకు చదువులో రాని పేరు ఇందులో వచ్చింది.

ఇక సాయంత్రాలు ఆయన్ని పూర్తిగా ముంచాయి. స్కూలు గ్రౌండులో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. పసుపుపచ్చ ఉన్ని బంతి ఆయన బ్యాటుకి తగిలితే ఎదుటివాళ్ళు వెతుక్కోవలసిందే. ఆడుతుంటే నొప్పి తగ్గుతుంది కాబట్టి ఆడేవాడు. ఆడగలుగుతున్నాడు కాబట్టి నొప్పి లేదని ఊరు తేల్చేసింది. అమలాపురం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తే అందులో ఏమీ లేదన్నారు. ఆ ఫోటోని మామ్మ బైబిలు పక్కన గూట్లో పెట్టింది. బాబాయి ఎప్పుడు నొప్పంటే అప్పుడు గూటి వేపు చూపించేది.

బాబాయి అడిగింది పెద్ద కోరికేం కాదు. పొద్దుటి డ్రిల్లు తప్పించి, మధ్యాహ్నం డ్రాయింగు క్లాసులు ఇమ్మని హెడ్మాస్టారికి అర్జీ పెట్టుకున్నాడు. ఆయన బొమ్మలు బాగా వేసేవాడు. హెడ్మాస్టారు చెడ్డవాడు కాదు. "వచ్చే నెల కమిటీలో పెడతానండి మాస్టారూ, చూద్దాం" అన్నారు. ఆ నెల్లాళ్ళూ బాబాయి రంగు సుద్దముక్కలు పోగు చేసుకున్నాడు. ఈలోగా మా ఊరికి స్వస్థత కూటాలు, అంటే ప్రార్థనతో రోగాలు బాగుచేసే సభలు, వచ్చాయి.

ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడొచ్చాడు. గ్రౌండులో పందిరి, పెట్రోమాక్సు లైట్లు, మూడు సాయంత్రాలు. ఎప్పుడూ నొప్పంటాడు కదా, తమ్ముణ్ణి ముందుకి పంపమని సంఘంలో అందరూ నాన్నగార్ని అడిగారు. సంఘ పెద్ద తమ్ముడే వెళ్ళకపోతే ఎలాగని నాన్నగారూ పట్టుబట్టారు. బాబాయి ఆట ముగించుకుని, ఒళ్ళు వేడిగా ఉండగా, స్నానం చేసి వెళ్ళాడు. ప్రసంగీకుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, వంగమన్నాడు. బాబాయి వంగాడు. రోజూ ఆ వేళకి ఎంత వంగగలడో అంతే వంగాడు. పందిరంతా దద్దరిల్లింది. మైకు ముందు నిలబెట్టి, దేవుడు బాగు చేశాడని సాక్ష్యం చెప్పమన్నారు. బాబాయి నాన్నగారి వేపు చూశాడు. నాన్నగారి మొహం వెలిగిపోతోంది. "ఇప్పుడు నొప్పి లేదండి" అన్నాడు బాబాయి. అది నిజమే. అవే కూటాలు పొద్దున్న ఆరింటికి పెట్టి ఉంటే దేవుడికీ మా బాబాయికీ ఈ చిక్కు వచ్చేది కాదు.

మర్నాడు పొద్దున్న స్తంభం పట్టుకుని లేస్తుంటే మామ్మ చూసి, "సాక్ష్యం చెప్పి మళ్ళీ ఈ ఏడుపేంట్రా? దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేస్తావా?" అంది. ఆ రోజుతో మా ఇంట్లో నొప్పి అనే మాట ఆయన నోట వినలేదు. స్కూల్లో హెడ్మాస్టారు ఆ అర్జీని తీసి తిరిగిచ్చేశారు. "దేవుడు బాగు చేసేడు కదండీ, ఇంక దీంతో పనేముంది" అన్నారట నవ్వుతూ. బాబాయి "ఆయ్" అని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. సుద్దముక్కలు నాకిచ్చేశాడు.

ఆ ఏడు ఆగస్టు పదిహేనుకి పంచాయతీ సమితి ప్రెసిడెంటు వస్తున్నాడని, ఏడింటికే జెండా అన్నారు. ఏర్పాట్లకని బాబాయిని తెల్లారకుండానే రమ్మన్నారు. రాత్రంతా వాన. పెరట్లో నడవడానికి ఆ రోజు ఆయనకి గంటన్నర దొరకలేదు. జెండా అయ్యాక బాబాయి బల్ల ఎక్కి నిలబడ్డాడు, ఎదురుగా మూడు వందల మందిమి. ఒక విజిలుకి వంగి కాలివేళ్ళు ముట్టుకోవాలి, రెండో విజిలుకి లేవాలి. ముందు ఆయన వంగి చూపించాలి, మేం వంగాలి. మొదటి విజిలు ఊదాడు, వంగాడు, మేమూ వంగాం. రెండో విజిలు రాలేదు. అందరం వంగే ఉన్నాం. నేను తల ఎత్తి చూస్తే, బాబాయి బల్ల మీద వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, విజిలు నోట్లోంచి జారి గాలిలో ఊగుతోంది, ఒక చెయ్యి పట్టుకోవడానికి స్తంభం కోసం వెతుకుతోంది. అక్కడ స్తంభం లేదు. అది నేను రోజూ వేసే వేషమే. నాకు నవ్వాగలేదు. నా నవ్వు విని నా వరస నవ్వింది, వెనక వరసలు నవ్వాయి, చివరికి ప్రెసిడెంటు కూడా నవ్వాడు. ఇద్దరు పెద్ద క్లాసుల కుర్రాళ్ళు ఎత్తి దింపేదాకా గ్రౌండంతా నవ్వుతూనే ఉంది.

జెండా ముందు కోతి చేష్టలు చేశాడని మెమో ఇచ్చారు. ఒంట్లో బాగోలేదని రాసిస్తే ఉద్యోగం ఉంటుందని హెడ్మాస్టారు నాన్నగారితో అన్నారు. ఆ సాయంత్రం నాన్నగారు కుర్చీలో కూర్చుని, బాబాయిని ఎదురుగా నిలబెట్టి అడిగారు. "ఒంట్లో బాగోలేదని రాస్తే పందిట్లో అందరి ముందు చెప్పిన సాక్ష్యం ఏమవుద్ది? నేను రేపు సంఘంలో ఏ మొహంతో నిలబడను? అది అబద్ధమా, పొద్దున్నది అబద్ధమా? ఏదో ఒకటి చెప్పు."

బాబాయి కాసేపు గూట్లో ఎక్స్‌రే వేపు చూశాడు. "పొద్దున్నదే అన్నయ్యా. సరదాకి చేసేను" అన్నాడు.

నాన్నగారు హమ్మయ్య అనుకున్నారు. ఆ మాట నాకిప్పటికీ మింగుడు పడదు. నా తండ్రి, మంచివాడని ఊరంతా చెప్పుకునే మనిషి, తమ్ముడి ఉద్యోగం పోతుందని దిగులు పడకుండా, తన మర్యాద నిలిచిందని ఊపిరి పీల్చుకున్నారు. నెల తిరక్కుండా బాబాయి ఉద్యోగం పోయింది. రావులపాలెం అరటి మండీలో గుమాస్తాగా కుదిరాడు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఎనభైలు సగమయ్యేసరికి నాకు ఉద్యోగం వచ్చి, సెలవులకి ఇంటికొచ్చాను. బాబాయీ మండీ మానేసి ఇంటికొచ్చేశాడు. వెన్ను విల్లులా వంగిపోయి, గడ్డం గుండెకి ఆనిపోయింది. ఎదుటి మనిషి మొహం చూడలేడు, చెప్పులు చూసి ఎవరో చెప్పేవాడు. ఇప్పుడు అందరికీ నమ్మకం కుదిరింది. చర్చిలో ప్రతి ఆదివారం పేరు పెట్టి ప్రార్థిస్తున్నారు. నాన్నగారు టేకు కుర్చీ చేయించారు. మామ్మ కాఫీ తనే పట్టుకెళ్ళి ఇచ్చి, కొంగుతో కళ్ళొత్తుకునేది. నేను పక్కన కూర్చుని, "నొప్పి ఎలా ఉంది బాబాయ్?" అని అడిగాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి అడగడం.

"ఇప్పుడు లేదే. పూసలన్నీ అతుక్కుపోయేయి కదా, అతుక్కున్నాక ఇంక నొప్పెట్టదు. ఆ పదేళ్ళే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "ఆ రోజు గ్రౌండులో ముందు నవ్వింది నేనే" అన్నాను.

"తెలుసే. నీ నవ్వు నాకు తెలీదా?" అని, నా చెప్పుల వేపు చూస్తూ కాస్త నవ్వాడు. "అన్నీ బాగా చేసేదానివి గానీ, చెయ్యి తప్పు. నువ్వు ఎడం చెయ్యి ఆనించేదానివి. కుడి చెయ్యి ముందు ఆనించాలి, లేకపోతే తిరగలేం."

ఆ తరవాత మరి కొన్నేళ్ళకి నాకు మొదలైంది. ఆ ఇంట్లో పెరిగినదాన్ని, నా ఇంట్లో నోరు విప్పుతానా? పొద్దున్నే గది తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంటున్నానని చెప్పేదాన్ని. నా భక్తిని మా కోడలు చుట్టాలందరి దగ్గరా మెచ్చుకుంటుంది. లోపల నేను దుంగలా దొర్లి, మంచం పట్టె మీద చెయ్యి ఆనిస్తాను. కుడి చెయ్యే.

డాక్టరు ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. మొదటి ప్రశ్న నుంచే మొదలుపెట్టాను. "గంటన్నర పడుతుందండి" అన్నాను. అతను నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు, అలాగే కాగితం మీద రాసుకున్నాడు. ఆ ఒక్క మాట ఎవరో ఒకరు రాసుకోవడానికి మా ఇంటికి యాభై ఏళ్ళు పట్టింది.