దున్నపోతుకు వెండి రంగు

కొంప మునగడానికి వరదలే రానక్కర్లేదు, నాలుగు డబ్బాల వెండి రంగు చాలు. అది తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీరు మాత్రం నవ్వుకోండి.

అప్పట్లో కృష్ణానగర్‌లో చిన్న గదిలో ఉండేవాణ్ణి. సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుని. థర్మాకోల్ తలుపుకు తుప్పు రంగు వేసి నూరేళ్ల ఇనుమని నమ్మించడం నా పని. తర్వాతి సినిమాకు నన్ను ఒక మెట్టు పైకెక్కించి అసోసియేట్‌ని చేస్తానని మా ఆర్ట్ డైరెక్టరు మాటిచ్చారు కూడా. ఇక నా కాళ్లు నేల మీద ఎక్కడ నిలుస్తాయి?

ఫిల్మ్‌నగర్‌లో ఒక మలుపు దగ్గర షూటింగు. అక్కడ దిమ్మె మీద నిలువెత్తు ఇనుప దున్నపోతు, ఒళ్లంతా తుప్పు. చూడగానే నాకు కోపం నషాళానికెక్కింది. ఇన్నేసి మేడలు కట్టుకున్నవాళ్లకు ఊరి బొమ్మకు ఇంత రంగు కొట్టించాలని తోచలేదా? దాని చుట్టూ చెత్త తీయించమని మాత్రమే మా ఆర్ట్ డైరెక్టరు చెప్పారు. నేను పెయింటర్‌ని పిలిచాను.

పెయింటరు యాదగిరిది బోరబండ. బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, "జర ఎవర్నన్న అడుగుదం సార్. గిది కావాలనే గిట్ల ఉంచిండ్రేమో," అన్నాడు.

"తుప్పు గురించి నాకు చెప్తున్నావా?" అన్నాను.

దున్నపోతు మీద వాన కురిసినట్టని ఊరికే అనలేదు. అయితే ఆ వేళ దున్నపోతు దిమ్మె మీద లేదు, కింద నిలబడి పురమాయిస్తోంది. మధ్యాహ్నానికల్లా బొమ్మ కొత్త స్టీలు బిందెలా తళతళలాడింది.

అటుగా వచ్చిన ఒక పెద్దావిడ ఆగి, ఇది ఎవరి పని అని అడిగారు. శాలువా కప్పుతారేమోనన్నంత వినయంగా నేనేనండీ అన్నాను.

"దీన్ని చేసింది నేను," అన్నారావిడ. "ఆ తుప్పు అలా పట్టడానికి మూడు వానాకాలాలు ఆగాను. నీకు ఒక్క పూట చాలిందా?"

రేపటికల్లా అచ్చం అలాంటి తుప్పు రంగే వేసిస్తానన్నాను. దాంతో ఆవిడ కోపం రెట్టింపైంది. మా ఆర్ట్ డైరెక్టరు వచ్చి చేతులు జోడించారు. రంగంతా గీకించాలి, తుప్పు దానంతటది పట్టాలి, ఆవిడ సరేననేదాకా నేను సెట్లో అడుగుపెట్టకూడదు. ఆయన తీర్పు అది.

వారం రోజులు గీకాను. ఎండాకాలమంతా పొద్దున్నే బకెట్టు పట్టుకెళ్లి దున్నపోతుకు నీళ్లు పోశాను. షేక్‌పేట ఆటో అతను రోజూ బండి ఆపి, "అన్నా, పాలెన్ని ఇస్తది?" అని అడిగేవాడు. అసోసియేట్ ఉద్యోగం ఇంకొకడికి పోయింది.

వానలు పడ్డాయి. తుప్పు పట్టింది. నా బతుకులో నేను పట్టించిన మొదటి నిజమైన తుప్పు. ఆవిడ వచ్చి వేలితో రుద్ది చూసి, "ఇంకా పచ్చిగా ఉంది. వచ్చే వానాకాలం కనిపించు," అని వెళ్లిపోయారు.

కనుక ఆ దున్నపోతు సాక్షిగా చెబుతున్నాను. చేసినవాళ్లను అడగకుండా ఇక తుప్పు మీద కుంచె పెట్టను. మొన్న మా ఆవిడ ఇంటి గేటుకు రంగు వేయించమంది. దాన్ని చేసిన వెల్డరు కోసం వెతుకుతున్నాను.