అమ్మకు చెప్పిన ప్రసంగాలు

మా అమ్మ పాలకొల్లు దగ్గర ఒక రొయ్యల షెడ్డులో పనిచేసేది. ఐసులో ఉన్న రొయ్యలకి తలలు తీసి, తొక్క ఒలిచి ట్రేల్లో వెయ్యడం ఆ పని. చెరువులు పట్టే రోజుల్లో ఆదివారం కూడా సెలవుండేది కాదు. చీకటి విడవకముందే కంపెనీ వ్యాను మా పేట చివర కాలవ గట్టు మీద ఆగి హారను కొట్టేది. అమ్మ టిఫిను గిన్నె సంచిలో పెట్టుకుంటూ, "మందిరానికెళ్ళు. వెనక కూచుని నిద్రపోకు. అక్కడ చెప్పిన వాక్యమంతా సాయంత్రం నాకు చెప్పాలి," అని వెళ్ళిపోయేది.

నాన్న నాకు ఊహ తెలియకముందే పోయారు. ఇంట్లో మేమిద్దరమే.

మా మందిరం రేకుల షెడ్డు. ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద, మగవాళ్ళు రెండోవైపు కుర్చీల్లో కూర్చునేవారు. పాటలూ సాక్ష్యాలూ అయ్యాక పాస్టరు గారు లేచేవారు. ఊళ్ళో అందరూ ఆయన్ని అయ్యగారనే పిలిచేవారు. సన్నగా ఉండేవారు, పెద్దగా అరిచి చెప్పడం ఆయనకి చేతకాదు. ఒక ప్రశ్న అడిగి, మాలో ఎవరో జవాబు చెబుతారన్నట్టు కాసేపు ఆగిపోయేవారు. ఎవరూ చెప్పేవారు కాదు. అయినా మళ్ళీ అడిగేవారు.

నాతోటి పిల్లలు చాప పుల్లలు పీకుతూ కూర్చుంటే నేను ముందు వరసలో నోరు తెరుచుకుని వినేదాన్ని. భక్తి అని చెప్పలేను. సాయంత్రం అమ్మకి అప్పజెప్పాలి కదా. ఆవిడ ఐసుకి తెల్లగా పాలిపోయిన వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ గుమ్మంలో కూర్చునేది. నేను ఎదురుగా నిలబడి అయ్యగారిలాగే చెప్పేదాన్ని. ఏదైనా మర్చిపోయి దాటేస్తే వెంటనే పట్టేసేది. "మధ్యలో ఏదో వదిలేశావే. అలా ఉన్నట్టుండి ఏడుపులోకి ఎందుకు ఎల్తారు ఆయన?"

ఒక ఆదివారం అయ్యగారు కోనేటి గట్టు మీద పడి ఉన్న రోగి గురించి చెప్పారు. ఆ నీళ్ళు కదిలినప్పుడు ముందుగా ఎవరు దిగితే వాళ్ళకి జబ్బు నయమవుతుంది. ఈ మనిషి నడవలేడు. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడు. ప్రతిసారీ ఇంకెవరో ముందు దిగిపోతారు. "నీళ్ళు అతనికి ఎంత దూరంలో ఉన్నాయి?" అని అడిగారు అయ్యగారు. కాసేపు ఆగి, "మన రేవులో పై మెట్టుకీ కింద మెట్టుకీ ఉన్నంత దూరం," అన్నారు. ఆ మాట నేను అమ్మకి చెప్పినప్పుడు నూనె రాసుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"అన్నేళ్ళూ ఆయనకి అన్నం ఎవరు పెట్టారంట?" అంది.

"అయ్యగారు చెప్పలేదు."

"ఎవరో పెట్టే ఉంటారు కదే. ఆళ్ళ సంగతి చెప్పలేదేంటి మరి?"

మర్నాడు బడి నుంచి వస్తుంటే అయ్యగారు సైకిలు మీద ఎదురయ్యారు. వందనాలు చెప్పి, అమ్మ ఇలా అడిగిందండీ అన్నాను. ఆయన సైకిలు దిగి నిలబడ్డారు. "నేనెప్పుడూ ఆలోచించలేదమ్మా," అన్నారు. తరవాతి ఆదివారం ప్రసంగం ఆ ప్రశ్నతోనే మొదలైంది. పేరు తెలియని ఆ అన్నం పెట్టిన మనిషి గురించే మొత్తం చెప్పారు. ఆ వేళ కూడా అమ్మ రొయ్యల షెడ్డులోనే ఉంది. నేను వచ్చి చెబితే ముఖం చెంగుతో కప్పుకుని నవ్వింది. "ఛీ, నా పేరు గానీ చెప్పారేంటే?" అని నాలుగుసార్లు అడిగింది.

నేను చదువుకున్నదంతా ఆ గుమ్మంలోనే అని తరవాతెప్పుడో అర్థమైంది. డిగ్రీ పాలకొల్లులో అయ్యాక ఎమ్మే తెలుగుకి రాజమండ్రి వెళ్ళాను. అక్కడ మా ప్రొఫెసరు గారు ఒకసారి నా వ్యాసం చూసి, "నీకు వాక్యం ఎక్కడ పట్టుబడిందమ్మా? ఇంట్లో ఎవరైనా పంతుళ్ళా?" అని అడిగారు.

"లేదండీ. ఆదివారం ప్రసంగాలు విని ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పేదాన్నండీ."

ఆయన నిష్ఠగా సంధ్యావందనం చేసుకునే మనిషి. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. పీహెచ్‌డీలో చేరినప్పుడు ఆయనే నాకు గైడుగా ఉండి, గోదావరి జిల్లాల పల్లెటూరి క్రైస్తవ ప్రసంగాల భాష మీద పని చెయ్యమన్నారు. పుస్తకాల భాషా ఇంటి భాషా ఆ ప్రసంగాల్లో కలిసినట్టు ఇంకెక్కడా కలవలేదనీ, దాన్ని ఎవరూ పట్టించుకోలేదనీ అన్నారు. ఆ రోజు హాస్టలుకి నడిచి వస్తూ నా అంత అదృష్టవంతురాలు లేదనుకున్నాను.

మా మందిరంలో ఆ వార్త పండగైంది. "మన పిల్ల అయ్యగారి వాక్యం మీద డాక్టరు చదువు చదువుతుందంట," అని చెప్పుకున్నారు. ప్రతి ఆదివారం ప్రార్థన అంశాల్లో రోగుల తరవాత నా చదువు వచ్చేది. అయ్యగారు మాత్రం ఇబ్బంది పడ్డారు. నేను ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగు నొక్కుతుంటే, "నేను చెప్పేదాంట్లో రాయడానికేముందమ్మా," అన్నారు. ఫోను ఉన్న సంగతి ప్రసంగం మొదలయ్యాక ఆయన మర్చిపోయేవారు. నేను మర్చిపోలేకపోయేదాన్ని.

ఆ రికార్డింగులు హాస్టల్లో చెవులకి తగిలించుకుని మాట మాటా రాసేదాన్ని. ఎక్కడ గ్రాంథికం వాడారు, ఎక్కడ మా ఊరి మాటలోకి దిగారు, ఎన్ని ప్రశ్నలు వేశారు, ఏ మాట తిప్పి చెప్పారు. ఆయన ఆగినచోట 'విరామం' అని రాసేదాన్ని. ఎక్కువసేపు ఆగితే 'దీర్ఘ విరామం'. మొదటి అధ్యాయం చూసి గైడు గారు చాలా మెచ్చుకున్నారు. ఆ మెప్పు కోసం ఇంకా బాగా చేశాను.

ఎప్పుడు మొదలైందో గానీ, ఒక ఆదివారం మందిరంలో కూర్చుని ఉండగా తెలిసింది. అయ్యగారు చెబుతున్నారు, పక్కన ఒకావిడ ఏడుస్తోంది, నేను మనసులో 'సంబోధన, పునరుక్తి, ప్రశ్న, విరామం' అనుకుంటున్నాను. ఇంతకీ ఆయన దేని గురించి చెబుతున్నారో నాకు తెలియదు. కంగారుగా వినడానికి ప్రయత్నించాను. మాటలన్నీ చెవిన పడుతున్నాయి, లోపలికి ఒక్కటీ వెళ్ళడం లేదు. అలసట అనుకున్నాను. పరిశోధన పూర్తయితే పోతుందిలే అనుకున్నాను.

అంతలో అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. కాళ్ళు వాచి, చెప్పులు పట్టక షెడ్డు మానేసింది. డయాలసిస్ మొదలుపెట్టారు. నేను హాస్టలు ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. ఆసుపత్రికి వెళ్ళిన మర్నాడంతా పక్కమీదనుంచి లేచేది కాదు. మందిరంలో చాప మీద కూర్చోలేకపోయేది, కుర్చీలో కూర్చున్నా తల తిరిగేది. అందుకని మళ్ళీ నేనొక్కదాన్నే వెళ్ళి రావడం మొదలైంది.

"ఏం చెప్పారే అయ్యగారు?" అంది మొదటి వారం.

నేను తెలివిగా ఫోను తీసి రికార్డింగు పెట్టాను. కొంచెంసేపు విని, చెయ్యి ఊపి ఆపెయ్యమంది. "ఆ ఫ్యాను మోతా, ఆ పిల్లల ఏడుపూ. నాకెందుకే అది? నువ్వు చెప్పు."

చెప్పాను. ఏ కథ తీసుకున్నారో, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించారో, ఏ ఉదాహరణ వాడారో అన్నీ వరసగా చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు. అమ్మ కళ్ళు మూసుకుని వింది.

"అయ్యగారు ఇలాగే చెప్పారా?"

"ఇలాగే చెప్పారమ్మా."

"ఏమో. నువ్వు పరీక్షకి చదివినట్టుంది."

కోపంగా అనలేదు. నాకు అలసటగా ఉందనుకుని జాలిపడింది కూడా. మరుసటి వారం శ్రద్ధగా వినాలని ముందే అనుకుని వెళ్ళాను. ఫోను ఇంట్లో వదిలేశాను. చిన్నప్పటిలా ముందు వరసలో కూర్చుని, అయ్యగారి ముఖంలోకే చూశాను. ఇంటికొచ్చి గొంతు మార్చి, చేతులు తిప్పి చెప్పాను. అమ్మ నా ముఖంలోకి చూస్తూ వింది. మధ్యలో ఎక్కడా ఏమీ అడగలేదు. చివర్లో "బాగుందే," అంది. దాహంగా ఉన్నా నీళ్ళు ఎక్కువ తాగకూడదని గుటక మింగి అటు తిరిగి పడుకుంది. ఆ తరవాత కూడా ప్రతి వారం చెప్పమనేది, నేను చెప్పేదాన్ని. బాగుంది అనేది. ఇద్దరం అలా మర్యాదగా ఉండటం మొదలుపెట్టాం.

వానాకాలంలో అమ్మ పోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజే సమాధి కార్యక్రమం పెట్టారు. సమాధుల దొడ్డిలో తవ్విన గుంటలోకి నీరు ఊరుతుంటే ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతూనే ఉన్నారు. గొడుగు కింద నిలబడి అయ్యగారు ప్రసంగం చేశారు. అమ్మని ఆయన నా పుట్టుక నుంచీ ఎరుగుదురు. మొదట 'ఆమె' అని చెబుతున్నవారు నడిమధ్యలో అమ్మ ఉన్న పెట్టె వైపు తిరిగి 'నువ్వు' అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నాకు మాత్రం, ప్రథమ పురుష నుంచి మధ్యమ పురుషకి మారారు, రెండో అధ్యాయంలో దీనికి ఉదాహరణ కావలసి ఉంది, అనిపించింది. అనిపించకుండా ఆపుకోవడం నా వల్ల కాలేదు. మా అమ్మని దింపుతున్నారు. అమ్మ గురించి ఆ రోజు ఆయన ఇంకేం చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. అందరూ గొప్పగా చెప్పారన్నారు.

తరవాత పరిశోధన ఒక్కటే మిగిలిందనుకున్నాను. అదీ నిలవలేదు. గైడు గారు రిటైరై కొడుకు దగ్గరికి బెంగుళూరు వెళ్ళిపోయారు. నన్ను వేరే ఆయనకి అప్పగించారు. కొత్త గైడు గారు అధ్యాయాలు తిరగేసి, "ఇది సాహిత్యం కిందకి వస్తుందా, మతం కిందకి వస్తుందా?" అన్నారు. భాష కిందకి వస్తుందండీ అన్నాను. కమిటీలో కూడా అదే ప్రశ్న వేశారు. టాపిక్కు మార్చుకుంటే మళ్ళీ మొదటినుంచి నడిపిస్తామని మంచిగానే చెప్పారు. నేను వాళ్ళతో వాదించలేదు. వాదించాలంటే ఆ ప్రసంగాల్లో ఏదో ఉందని నేను నమ్మాలి. ఒకప్పుడు ఉండేదని మాత్రమే చెప్పగలను. గడువు దాటిపోయింది, రిజిస్ట్రేషను రద్దయింది.

ఆ సంగతి అయ్యగారికి చెప్పడానికి వెళ్ళాను. ఆయన అరుగు మీద మందులేసుకుంటున్నారు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు. కుర్రవాళ్ళు ఫోనుల్లో పెద్ద పెద్ద ప్రసంగీకుల్ని వింటున్నారు, కొందరు టౌన్లో ఏసీ మందిరానికి వెళుతున్నారు.

"పోనీలేమ్మా," అన్నారు విని. "నాలుగేళ్ళు ఫోను పెట్టుకుని మరీ విన్నావు కదా. మరి నీకేమైనా దొరికిందా అందులో?"

"వాక్య నిర్మాణం దొరికిందండీ," అన్నాను. నోటికి అదే వచ్చింది.

"అది కాదమ్మా నేనడిగింది," అని ఆగారు. చాలాసేపు ఆగారు. ఆయనే చివరికి, "మజ్జిగ తాగి వెళ్ళు," అని లోపలికి కేకేశారు.

ఇప్పుడు మండపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఉంటున్నాను. తెలుగు లెక్చరరుగా చేరాను. మార్కులు ఎక్కువ పడతాయని పిల్లలందరూ సంస్కృతం తీసుకోవడంతో తెలుగు సెక్షను ఎత్తేశారు. నన్ను తీసెయ్యడానికి మొహమాటపడి స్టడీ అవర్లకి వేశారు. పిల్లలు మాట్లాడుకోకుండా చూడటం నా పని. కిటికీ బయట ధాన్యం లారీలు మిల్లుల్లోకి వెళుతుంటాయి. ఆదివారాలు పరీక్షలుంటాయి, కాబట్టి మందిరానికి వెళ్ళడం కుదరదు. కుదరకపోవడం నాకూ తేలిగ్గానే ఉంది.

ఈ మధ్య ఒక ఆదివారం సెలవు దొరికితే ఇక్కడే ఒక మందిరానికి వెళ్ళాను. నన్నెవరూ ఎరగరు. చెప్పేవాడు కుర్రవాడు, మంచి గొంతు. దేవుడు త్వరలో ద్వారాలు తెరవబోతున్నాడని గంటసేపు చెప్పాడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ మధ్యమధ్యలో ఆమేన్ అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి ఏం వినపడుతోందో అని ఆవిడ ముఖంలోకే చూస్తూ ఉండిపోయాను. ప్రసంగం అయ్యాక ఆవిడ నా వైపు తిరిగి, "బాగా చెప్పాడు కదమ్మా?" అంది.

"అవునండీ," అన్నాను.