మీదున్నదే నిజమన్నారు

నాకు కరోనా అని తేలిన రోజున నా బిడ్డకు నెల కూడా నిండలేదు. సెకండ్ వేవ్ నాటి మాట. సూరత్ శివారులో, ఉన్ అనే బస్తీలో మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో నన్నుంచి తలుపు వేశారు. రెండో గదిలో మా ఆయన, అత్తమ్మ, మా ఆయన అన్న, బిడ్డ.

మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. ఆయన అన్నకు, అంటే మా బావకు, సెల్‌ఫోన్ల దుకాణం ఉండేది. అందువల్ల ఇంట్లో తెలివంతా ఆయన సొత్తు. నేను డిగ్రీ చదివి పిల్లలకు ట్యూషన్లు చెప్పిన సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. బిడ్డకు నా పాలు పట్టవచ్చా లేదా అన్నది కూడా ఆయన ఫోనే తేల్చింది. హిందీలో టైపు చేసి, అన్నిటికంటే పైన వచ్చినదాన్ని నొక్కి, తలుపవతల నిలబడి పైకి చదివాడు. తల్లి పాలలో వైరస్ ఉంటుందట, బిడ్డను రెండు వారాలు తల్లికి దూరంగా ఉంచాలట. ఆ సాయంత్రమే డబ్బా పాలు వచ్చాయి.

ఆ పాలు బిడ్డకు పడలేదు. తాగినదంతా కక్కేది. గోడకు అటువైపు అది ఏడిస్తే ఇటువైపు నా రవిక తడిసిపోయేది. రొమ్ములు రాయిలా గట్టిపడి, జ్వరం కంటే ఆ నొప్పే ఎక్కువ బాధపెట్టింది. పాలు గిన్నెలోకి పిండి మోరీలో పారబోసేదాన్ని.

జ్వరం కాస్త దిగాక నా ఫోన్‌లో నేనే వెతికాను. మొదట వచ్చింది బావ చదివిన బ్లాగే. పేరా పేరాకూ మధ్య ఒక ప్రకటన: పొట్ట తగ్గించే పొడి, పెళ్లి లెహంగాలు, జుట్టు ఊడకుండా నూనె. తల్లీబిడ్డల బతుకు గురించి రాసినవాడికి మధ్యలో నూనె అమ్మడానికి సిగ్గు లేదు. రెండోది ఇంకో బ్లాగు. మొదటిదాని వాక్యాలనే కిందుమీదు చేసి అతికించుకున్నది. మూడోది ఒక వార్తల సైటు. నిపుణులు ఏమంటున్నారో తెలుసుకోండి అని మొదలుపెట్టి, అదే ప్రశ్నను నాలుగు రకాలుగా అడిగి, జవాబు చెప్పకుండానే ముగిసింది. దొంగ కనీసం చీకట్లో వస్తాడు. వీళ్లను పట్టపగలు అందరికంటే ముందు నిలబెట్టి చూపించింది ఆ సెర్చ్ ఇంజన్.

చాలా కిందికి పోతే ఒక పెద్ద ఆరోగ్య సంస్థ పేజీ దొరికింది. అంతా ఇంగ్లీషు, అదీ కోర్టు నోటీసు లాంటి ఇంగ్లీషు. ప్రాణం పోతున్నా తొందరపడనివాళ్లు రాసినట్టుంది. రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు: మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చు, ఇవ్వాలి కూడా.

తలుపు దగ్గరికి వెళ్లి బావకు చెప్పాను.

“అది కిందెక్కడ్నో ఉన్నది,” అన్నాడు. “మీదున్నది తప్పయితే మీదెందుకుంటది?”

దుకాణంలో ఏ ఫోన్ అమ్ముడుపోవాలో దాన్నే అద్దంలో ముందు పెట్టే మనిషి ఈ మాటన్నాడు. నాకు నవ్వు రాలేదు, అసహ్యం వేసింది.

మళ్లీ వెతికాను, ఈసారి తెలుగులో. పేజీల మీద పేజీలు తిప్పాక ఒక పిల్లల డాక్టరమ్మ బ్లాగు కనబడింది. బొమ్మ లేదు, రంగు లేదు. తన పేరు, తాను పనిచేసే ఊరు రాసుకుంది. ఈ సంగతి ఎక్కడ చదివిందో చెప్పింది. ఇంతవరకే తెలుసు, మిగతాది ఇంకా తెలియదు అని కూడా రాసింది. తెలియదు అన్న మాట ఆ రోజంతా నేను చదివినవాటిలో ఎక్కడా లేదు. ఆమెదీ బ్లాగే, నూనె అమ్మేవాడిదీ బ్లాగే. వాడు అందలంలో, ఆమె అడుగున.

అదంతా తలుపు సందులోంచి అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె పూర్తిగా విని పెద్దకొడుకు వైపు తిరిగింది.

“గామె పేరు చెప్పుకున్నది. మరి నీదాంట్ల రాసినోడు ఎవడురా?”

బావ ఫోన్‌ను పైకీ కిందికీ జరిపాడు.

“అడ్మిన్ అని ఉన్నదమ్మా.”

“అడ్మిన్ అంటే ఎవరు? డాక్టరా?”

మా ఆయన అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లేచి, నాకు కాన్పు చేసిన ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఎన్నోసార్లు చేస్తే ఒక నర్సు ఎత్తింది. ఇన్ని రోజులు పాలెందుకు మాన్పించారని హిందీలో ఆయన్ను చెడామడా తిట్టింది. ఆయన ఫోన్ పెట్టేసి, ఎవరినీ అడగకుండా తలుపు తీశాడు. మాస్కు మీద మాస్కు కట్టుకుని బిడ్డను తీసుకున్నాను. అది వెంటనే నోరు పెట్టలేదు. సీసాకు అలవాటు పడిపోయింది.

నా పాలు మళ్లీ నిండుగా పడలేదు. సగం రొమ్ము, సగం డబ్బా, అలాగే పెరిగింది. బావ క్షమించమని అనలేదు. పైగా, “కరోనా ఉన్నా పాలు ఇయ్యొచ్చని నేనే నెట్‌ల చూసి చెప్పిన” అని గల్లీలో చెప్పుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత, సూరత్ దగ్గరే పల్సానాలో ఉండే మా చిన్నమ్మ కూతురు బాలింతగా ఉండి ఇదే జబ్బు పడింది. నాకు ఫోన్ చేసింది. వెతికి చూస్తే సెర్చ్‌లో వరుస మారిపోయి ఉంది. పైన పెద్ద సంస్థలు, చుట్టూ గీత గీసిన గడిలో వాటి ఇంగ్లీషు. నూనె అమ్మేవాణ్ణి సెర్చ్ ఇంజన్ వాళ్లు కిందికి తోసేశారు, సంతోషం. వాడితోపాటు డాక్టరమ్మను కూడా తోసేశారు. రాసినవాళ్లెవరో, మాట తప్పయితే పూచీ పడతారో లేదో చూసే ఓపిక ఎవరికీ లేదు. బ్లాగు అని బోర్డు ఉంటే చాలు, అందరికీ ఒకటే కర్ర. నిన్న అడ్మిన్‌ను నెత్తిన పెట్టుకున్నవాళ్లే ఇవాళ ఇలా శుభ్రం చేశామని మురిసిపోతుంటారు.

చెల్లెలికి ఇంగ్లీషు రాదు. మాస్కు ఎట్లా కట్టుకోవాలో, పాలిచ్చే ముందు ఏం కడుక్కోవాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలో తెలుగులో నిదానంగా చెప్పాను. అంతా విని ఊకొట్టింది. చివరికి అడిగింది:

“ఇది నెట్‌ల మీదనే ఉన్నదా అక్కా? మా ఆయన అడుగుతడు.”

ఉన్నది, మీదనే ఉన్నది అని చెప్పాను. ముందు బిడ్డకు పాలియ్యమన్నాను.