ఎస్. రావు గారి పాఠకులు

మొన్న మా పేట న్యూ లిన్ లైబ్రరీలో, ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి చేతికి తగలగానే వరలక్ష్మి గారు భుజం మీదుగా తొంగిచూస్తున్నట్టు అనిపించి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

రెండు వేల దశకం మధ్యలో, విజయవాడలో పత్రిక డెస్కు వదిలి ఆక్లాండ్ వచ్చిన నాకు ఒక యూనివర్సిటీ గ్రంథాలయంలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. కాకినాడ నుంచి వచ్చిన వరలక్ష్మి గారే అక్కడ నా పై అధికారి. ఈ దేశపు ఆర్థికశాస్త్ర అధ్యాపకుల్లో ఎవరి వ్యాసాలను ఎందరు ఉదహరించారు, ఎందరు చదివారు అని పట్టిక వేయడం మా పని. ఎవరి కాంట్రాక్టు పొడిగించాలో పైవాళ్లు ఆ పట్టిక చూసే తేలుస్తారు.

మొదటి ప్రతిలో అందరికన్నా పైన 'ఎస్. రావు' ఉన్నారు. మా పై అంతస్తులో పాఠాలు చెప్పే రావు గారు. ఆయన కాంట్రాక్టు ఆ ఏడాదితో ముగుస్తుంది.

"మేడం, మనవాడే ఫస్ట్!" అన్నాను.

"అందుకే నాకు డౌటు. లోకంలో ఎస్. రావులు ఎంతమందయ్యా? ఒక్కో పేపరూ తెరిచి చూడు."

నెలంతా తెరిచాను. ఒకటి రొయ్యల తెగులు మీద, మరొకటి వంతెనల సిమెంటు మీద. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది, రావు చివర. ఇక్కడి కంప్యూటరు చివరి మాటనే ఇంటిపేరనుకుని ఎస్. రావులందరినీ ఒక్క మనిషిని చేసేసింది. పత్రికలో ఏళ్ల తరబడి పేర్లు సరిచూసి బతికిన నేను ఆ సంతోషంలో ఆ మాటే మరిచాను. విడదీశాక మా రావు గారు పట్టిక అడుగుకు జారిపోయారు.

చదివినవారి లెక్కలో మాత్రం ఆయన వ్యాసం ఒకటి ఆ నెల ఒక్కసారిగా పైకి లేచింది. ఇదైనా నిలుస్తుందని ఆవిడ దగ్గరకు పరిగెత్తాను. ఏ కంప్యూటరు నుంచి తెరిచారో చూడమన్నారు. చూస్తే, నాదే.

"పోనీ, చదివావా?"

"లేదండీ. మిగతావాటితో పోల్చడానికి మాటిమాటికీ తెరిచి, పేరు చూసి మూసేశాను."

"అయితే లెక్కలోంచి కొట్టేయ్."

రావు గారు ఎప్పుడు వచ్చారో, తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "ఉంచండి మేడం," అని నవ్వారు. "ఒక్కడైనా నన్ను అన్నిసార్లు తెరిచాడు."

ఆవిడ నవ్వలేదు. "మీకు ఉంచితే రేపు ఇంకొకరికీ ఉంచాలి రావు గారూ," అని తానే కొట్టేశారు.

కాంట్రాక్టు పొడిగించలేదు. ఆయన కుటుంబంతో టౌరంగా అనే ఊరికి వెళ్లి అక్కడి ఓడరేవులో ఏదో ఆఫీసులో చేరారు. ఆవిడ మీద చాలాకాలం కోపంగా ఉండేది, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క మరింత కోపం. ఇప్పటికీ నాకు నచ్చిన అంకె కనబడితే ముందు నన్నే అనుమానిస్తాను.

మొన్న ప్రింటు తీసింది రావు గారి ఆ వ్యాసమే. పాల ధర పడిపోయినా రైతులు ఆవులను ఎందుకు అమ్ముకోరన్నది విషయం. చివరిదాకా చదివాను. బాగుంది. ఈసారి ఒక్కసారే తెరిచాను.