ఆవాల దిండులో కత్తి

కుట్టు మిషన్ నూనె వాసన నాకు చిన్నప్పటి శుక్రవారాల వాసన. అల్ సద్‌లోని మా ఫ్లాట్‌లో పాప పడుకున్నాక, ఖర్జూరాల ఖాళీ రేకు డబ్బా మూత తీసి, పాత బనియన్ గుడ్డలో చుట్టిన మడత కత్తిని బయటికి తీసి, దాని కీలులో రెండు చుక్కల నూనె వేసినప్పుడల్లా ఆ వాసన ఏసీ చలిలో కాసేపు కదలకుండా నిలబడుతుంది. పాప ఊపిరి తీస్తోందా లేదా అని పది నిమిషాలకోసారి లేచి ఉయ్యాల మంచం మీదికి వంగి చూసే మనిషిని నేను. ఆ పది నిమిషాల సందుల్లో ఇది రాస్తున్నాను.

నాన్న అప్పట్లో ఈ ఎడారి దేశంలోనే, మెసయీద్ ఊళ్ళోని ఎరువుల ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజినీరు. పెళ్ళయిన కొత్తలో అమ్మతో కాకినాడ నుంచి వచ్చి కంపెనీ క్వార్టర్సులో దిగాడు. నా బాల్యమంతా ఆ ఇంట్లోనే గడిచింది. ఒకే రంగు, ఒకే ఎత్తు ఇళ్ళు వరసగా ఉండేవి. ఇంటి వెనక ఏసీ నీళ్ళు కారే చోట అమ్మ గోంగూర వేసేది, ఆ పక్కనే కరివేపాకు మొక్కకి గోనెపట్టా నీడ కట్టేది. గాలి ఫ్యాక్టరీ మీదుగా తిరిగిన రోజు ముక్కు మండేది, సముద్రం వైపు నుంచి తిరిగిన రోజు ఆరేసిన బట్టలు మళ్ళీ తడిసేవి. వేసవిలో పిల్లలం పొద్దుగూకేదాకా కర్టెన్ల వెనక అష్టాచెమ్మా ఆడుకుంటూ బతికి, చలికాలం రాగానే రోడ్డు మీద సుద్దముక్కతో గీతలు గీసి తొక్కుడుబిళ్ళకి ఎగబడేవాళ్ళం. ఉగాదికి వేపపువ్వు కోసం ఊరికి ఫోన్ చేయాల్సిన అవసరం ఉండేది కాదు. క్వార్టర్స్ గోడ వెంట కంపెనీ నాటించిన వేపచెట్లు సరిగ్గా ఆ వేళకే పూసేవి. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుంటే నేను పువ్వు దూసి గౌను ఒళ్ళో పోసుకునేదాన్ని.

ఆ రోజులే కంపెనీ వాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోయే రోజులు కూడా. స్కూళ్ళు మూసేలోపు, ఎండ ముదిరేలోపు, ఉద్యోగం ముగిసిన కుటుంబాలు ఇంట్లో సామానంతా గుమ్మం ముందు పరిచి అమ్మేసేవి. దాన్ని అందరూ లీవింగ్ సేల్ అనేవారు. సూపర్‌మార్కెట్ తలుపు పక్కన బోర్డు మీద చేతిరాత కాగితాలు వేలాడేవి. నాన్న గురువారం సాయంత్రం పాలకి వెళ్ళి ఆ ఇళ్ళ నంబర్లు అరచేతి మీద పెన్నుతో రాసుకుని వచ్చేవాడు. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున్నే అల్లం పచ్చడితో రెండు పెసరట్లు తిని, నన్ను కారులో ఎక్కించుకుని బయల్దేరేవాడు. అందరూ సోఫాలకి, ఫ్రిజ్‌లకి ముందు పరిగెత్తుతుంటే నాన్న మాత్రం ఎవరూ చూడని అట్టపెట్టెల ముందు గొంతుకు కూర్చునేవాడు. గరిటెలు, తాళాలు, విరిగిన స్క్రూ డ్రైవర్లు, చేపల గాలాల మధ్య చెయ్యి పెట్టి అడుగు దాకా వెతికేవాడు. ఆయన వెతికేవి జేబులో పట్టే మడత కత్తులు.

నాన్నకి వాటితో కోసే పనేమీ లేదు. అవి ఎలా చేశారన్నదే ఆయనకి కావాలి. దొరికినదాన్ని ముందు వెలుగు వైపు పట్టి, పిడికీ, కోసే రేకుకీ మధ్య సందు ఎంత ఉందో చూసేవాడు. తరవాత రేకు మొదట్లో చెక్కిన తయారీదారు అక్షరాలని బొటనవేలితో తడిమేవాడు. సాన పట్టీ పట్టీ రేకు సన్నబడిపోయి ఉంటే పెదవి విరిచి పక్కన పెట్టేవాడు. అన్నీ బాగుంటే నా చెవి దగ్గర పెట్టి తెరిచి మూసేవాడు. మంచి కత్తి మూసుకున్నప్పుడు తడబాటు లేకుండా ఒక్కటే టక్కుమనాలి. "విన్నావా బుజ్జీ? స్ప్రింగు చేసినవాడు చచ్చిపోయి యాభై ఏళ్ళై ఉంటుంది. వాడి పని ఇంకా మాట్లాడుతోంది చూడు," అనేవాడు. అర్థమైనా కాకపోయినా నేను తల ఊపేదాన్ని. ఇంటికి రాగానే నాన్న దాని కీలులో కుట్టు మిషన్ నూనె చుక్కలు వేసేవాడు.

అమ్మకి ఆ కత్తులంటే భయం, విసుగు. ఆడపిల్ల తిరిగే ఇంట్లో కత్తుల దుకాణం ఏమిటని బీరువా పైఅరలో పెట్టి తాళం వేయించింది. కత్తిని ఎవరి చేతి నుంచీ నేరుగా అందుకునేది కాదు. అలా అందుకుంటే ఇద్దరికీ గొడవలొస్తాయని మా వాళ్ళ నమ్మకం. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, తీసుకునేవాళ్ళు అక్కడి నుంచి తీసుకోవాలి. కూరగాయలు తరిగే చాకు విషయంలోనూ నాన్న ఈ నియమం తప్పడానికి వీల్లేదు. "ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా రోజుకి రెండు గొడవలు పడుతున్నాం కదే," అని నాన్న కత్తిని గట్టు మీద పెట్టేవాడు. అమ్మ నవ్వకుండా తీసుకునేది.

నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడాది, ఓడరేవులో పని ముగించుకుని వెళ్ళిపోతున్న ఒక ముసలాయన పెట్టె అడుగున, తుప్పుతో బిగుసుకుపోయిన కత్తి ఒకటి దొరికింది. పిడి నల్లటి కొమ్ము, మధ్యలో చిన్న ఇత్తడి ఆకు. ఎంత లాగినా తెరుచుకోలేదు. నాన్న దాన్ని ఊరగాయ సీసాలో కిరసనాయిల్ పోసి మూడు రోజులు నానబెట్టాడు. ఆ సీసా అలా పాడైనందుకు అమ్మ మాట్లాడటం మానేసింది. నాలుగో రోజు కత్తి తెరుచుకుంది. రేకు ఒక్క నూలు కూడా అరగలేదు. నాన్న భోజనం చేస్తూ కూడా దాన్ని పక్కనే పెట్టుకుని చూసుకున్నాడు. ఆ ఉగాదికి మామిడికాయ దానితోనే కోస్తానని పట్టుబట్టాడు. పులుపు తగలగానే రేకు నీలంగా, తరవాత నల్లగా మారింది. ముక్కలూ నల్లబడ్డాయి. ఆ ముక్కలు పచ్చట్లో వేయనని అమ్మ కొత్త కాయ కోసింది. నాన్న మాత్రం ఆ నల్ల ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తింటూ, స్టీలైతే ఇలా నల్లబడదనీ, ఇది అసలైన పాతకాలపు ఇనుమనీ నాకు పాఠం చెప్పాడు.

మరుసటి ఏడాది తమ్ముడు పుట్టాడు. పుట్టిన మూడో రోజుకే ఒళ్ళంతా పసుపు తిరిగి, ఆసుపత్రిలో నీలిదీపాల కింద కళ్ళకి గంతలు కట్టుకుని పడుకున్నాడు. అద్దం అవతలి నుంచి వాణ్ణి చూసి నేను ఆ రాత్రి అన్నం తినలేదు. వాడు ఇంటికి వచ్చిన రోజు కాకినాడ నుంచి నానమ్మ ఫోన్ చేసి, పిల్లాడి తలాపున ఇనుము పెట్టారా అని అడిగింది. మా ఊళ్ళో బాలింత మంచం దగ్గర కొడవలో మేకో పెడతారు, దానితో ఏ పీడా దగ్గరికి రాదని. అమ్మ ఇల్లంతా వెతికింది. ఆ క్వార్టర్సులో ఇనుమన్నదే లేదు. గరిటెలు స్టీలు, అట్లపెనం మీద నల్లపూత, తలుపు గడియలు అల్యూమినియం. "స్టీలు పనికిరాదమ్మా, తుప్పు పట్టేదే ఇనుము," అంది నానమ్మ.

అమ్మ ఫోన్ పెట్టేసింది. తరవాత నాన్న దగ్గరికి వచ్చి, "ఏవండీ, ఆ నల్లబడిన కత్తి ఒకసారి ఇస్తారా," అంది. నాన్న ఒక్క వెక్కిరింపు మాట కూడా అనలేదు. బీరువా తాళం తీసి, కత్తిని తుడిచి, మూసి, మంచం మీద పెట్టాడు. అమ్మ అక్కడి నుంచి తీసుకుంది. తల గుండ్రంగా రావాలని కుట్టిన ఆవాల దిండుకి లోపలి వైపు ఒక సంచీ కుట్టి, కత్తిని అందులో దాచింది. అది పెట్టిన వారంలోనే తమ్ముడి ఒంటి పసుపు పూర్తిగా దిగింది. డాక్టర్లు ముందే చెప్పారు దిగుతుందని. నేను మాత్రం కత్తినే నమ్మాను.

మూడు నెలలకి కాకినాడ ప్రయాణం వచ్చింది. ముందు రోజు నాన్న దిండులోంచి కత్తి తీసి, విమానం లోపలికి రానివ్వరని, పెద్ద సూట్‌కేసులో బట్టల కింద పెట్టాడు. అది నేను చూశాను. ఆకాశంలో తమ్ముడు ఇనుము లేకుండా ఉంటాడన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు సూట్‌కేసు తెరిచి కత్తి తీసి, మళ్ళీ దిండు సంచీలో పెట్టేశాను.

విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర మీద దిండు నల్లగా, అందులో కత్తి ఇంకా నల్లగా కనిపించింది. మమ్మల్ని పక్కకి నిలబెట్టారు. నల్లటి అబాయా అంగీ మీద యూనిఫాం బ్యాడ్జి పెట్టుకున్న ఒక అధికారిణి దిండు కుట్లు విప్పింది. ఆవాలు బల్ల మీద నుంచి జలజలా రాలి నున్నటి నేల మీద ఎటు పడితే అటు దొర్లాయి. ఆమె కత్తిని అమ్మ వైపు చాపి ఇది నీదేనా అని హిందీలో అడిగింది. అమ్మ చేతులు రెండూ వెనక్కి తీసుకుని, ఆ కంగారులోనూ తెలుగులోనే, "కింద పెట్టమ్మా," అంది. ఆమెకి ఏమర్థమైందో గానీ బల్ల మీద పెట్టింది.

నాన్న ముఖం అంత తెల్లబడటం నేను మళ్ళీ చూడలేదు. వీసా పోవచ్చు, ఉద్యోగం పోవచ్చు. అయినా కత్తి తనదేనని చెప్పి, బిడ్డ కోసం ఎందుకు పెట్టామో వచ్చిన హిందీలో వివరించాడు. ఆవిడ అమ్మ భుజం మీద నిద్రపోతున్న తమ్ముణ్ణి చూసింది, నేల మీది ఆవాలు చూసింది. తన నానమ్మ కూడా తను పుట్టినప్పుడు ఇలాగే కత్తి పెట్టిందని మెల్లగా చెప్పింది. కానీ ఇది లోపలికి రాదు, వదిలి వెళ్ళాలి అంది. నాన్న సరేనన్నాడు. చివరిసారి తెరవను కూడా తెరవలేదు. పక్కనున్న పెట్టెలో పెట్టేశాడు. అది అడుగున తగిలిన చప్పుడు నాకు వినబడింది.

నేను నోరు విప్పలేదు. విమానంలో నాన్న, కత్తిని తను దిండులోంచి తీసేశానని చెబితే, అమ్మ కన్నీళ్ళ మధ్య, "మళ్ళీ నేనే పెట్టానేమో, బాలింత మతిమరుపేమో," అంది. నాన్న ఆ మాట పట్టుకున్నాడు. అమ్మని నవ్వించడానికే మొదలుపెట్టాడు గానీ, తరవాత అది ఇంటి కథ అయిపోయింది. చుట్టాలు ఎవరొచ్చినా, "దిండులో కత్తి పెట్టుకుని విమానం ఎక్కబోయిన వీరనారి ఈవిడే," అని పరిచయం. తను పెట్టినట్టు గుర్తే లేదని అమ్మ అంటే అందరూ ఇంకా నవ్వేవారు. అలా ఇరవై ఏళ్ళు. ఆరడుగుల తమ్ముడు కూడా నవ్వుతాడు. నవ్వే ప్రతిసారీ నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

పెళ్ళై, మా ఆయన ఉద్యోగం వల్ల మళ్ళీ ఈ దేశానికే వచ్చాక, నాకు తెలియకుండానే పాత సామాన్ల అమ్మకాలు వెతకడం మొదలుపెట్టాను. ఇప్పుడు బోర్డు మీద కాగితాలు లేవు, ఫోన్ గ్రూపుల్లో ఫొటోలు పెడతారు. ఫొటోల్లో పెట్టె అడుగు కనబడదు కాబట్టి వెళ్ళి చూడాల్సిందే. పోయిన నెల ముఐథర్‌లో ఒక విల్లా ఖాళీ చేస్తున్నారంటే, పాపని గుండెకి కట్టుకుని వెళ్ళాను. స్టోర్ రూమ్ సామాను బయట పెడుతున్నది ఆ ఇంటి డ్రైవరు, కడప వైపు మనిషి. నేను గరిటెల పెట్టె ముందు గొంతుకు కూర్చుని అడుగు దాకా చెయ్యి పెట్టాను. ఎముక పిడి ఉన్న మడత కత్తి చేతికి తగిలింది. తెరిచి చూస్తుంటే అతను దగ్గరికొచ్చాడు.

"బిడ్డనెత్తుకోని కత్తితో యేం పనక్కా నీకు?" అన్నాడు. అంతలోనే పాప తల చూసి, "ఓ, తలాపున పెట్టేదానికా. అట్లయితే సూసుకో, స్టీలుదైతే మాఫీ, పనికిరాదు," అన్నాడు. పిడి దగ్గర ఎర్రటి తుప్పు గీత అతనికి చూపించాను. "ఇనుమే, తీస్కోని పో," అని కత్తిని నా చేతి నుంచి అందుకోకుండా గోడ మీద పెట్టమన్నాడు, గుడ్డతో తుడిచి మళ్ళీ గోడ మీదే పెట్టాడు. అలా పెట్టే మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో.

ఇంటికి రాగానే నాన్నకి ఫోన్ చేశాను. కాకినాడలో ఇప్పుడు ఆయన పొద్దున్నే పార్కులో నడుస్తాడు, కత్తుల డబ్బా తమ్ముడికి ఇచ్చేశాడు. ఏం దొరికిందో చెప్పగానే ఫోన్ దగ్గర పెట్టి మూయమన్నాడు. మూశాను. "కీలు కాస్త వదులైంది. పని మాత్రం మంచిదే," అన్నాడు. అప్పుడు చెప్పేశాను. సూట్‌కేసు, దిండు, వంటింట్లోకి పారిపోవడం, అంతా.

"పెట్టింది నువ్వా? ఇరవై ఏళ్ళు మీ అమ్మని ఉత్తినే ఏడిపించానన్నమాట," అన్నాడు నాన్న. ఫోన్ అమ్మ చేతికి వెళ్ళింది. "ఏవండీ, విన్నారా? ఇప్పుడు చుట్టాలందరికీ వరసగా ఫోన్లు చెయ్యండి," అని నాన్నతో అని, నాతో మాత్రం గొంతు తగ్గించి, "తమ్ముడి కోసమే కదే పెట్టావు. ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నావా పిచ్చిదానా," అంది. నా మీద కోపం ఎక్కడా లేదు. మర్నాడు నాన్న నిజంగానే మా పెద్దత్తకి ఫోన్ చేసి వీరనారి బిరుదు వెనక్కి తీసుకున్నాడని తమ్ముడు చెప్పాడు. ఆ బిరుదు ఇప్పుడు నాకొచ్చిందట.

మెసయీద్ క్వార్టర్సులో మా వరస ఇప్పుడు లేదని విన్నాను. చేతిరాత కాగితాల బోర్డు లేదు. ఆవాల దిండు లేదు, పసిపిల్లల మంచంలో దిండే వద్దంటారు డాక్టర్లు. అందుకని కత్తి పాప మంచంలో లేదు. పాప చేతికి ఎన్నటికీ అందని పైఅరలో, తలాపు వైపే, ఖర్జూరాల డబ్బాలో ఉంటుంది. నాన్న రోజూ ఫోన్లో పాప సంగతి అడిగాక, తుప్పు పడుతోందా అని అడుగుతాడు. ఈ ఊరి తేమకి ఏదైనా పడుతుంది. ఇవాళ రేకు మొదట్లో ఆవగింజంత ఎర్రచుక్క కనిపించింది. నూనె గుడ్డతో రేకంతా తుడిచాను. ఆ చుక్క మాత్రం అలాగే ఉంచాను.